చెవికున్న జ్ఞాపకం: లారీ నార్మన్ పాటల జీవితం

"రాగానికి కులమతాలు లేవు" అనే మాట మన సభల్లో తరచు వినబడుతుంది. వినడానికి బాగుంటుంది, చప్పట్లు కూడా పడతాయి. కాని సభ ముగిసి ఊళ్ళోకి పోతే వేరే మాట వినిపిస్తుంది. వినాయక మంటపంలో సినిమా బాణీకి దేవుడి మాటలు కట్టి మైకులో పెడితే పెద్దమనుషులు ముఖం చిట్లిస్తారు. మా మాచారెడ్డి దిక్కు ప్రార్థన కూటాల్లో కుర్రవాళ్ళు కీబోర్డు, ప్యాడ్లు పెట్టి జోరుగా పాడితే "గిదేం పాటరా, సిన్మా లెక్కనే ఉన్నది" అంటారు ముసలివాళ్ళు. "మేం పాడేది దేవుని మాటనే గదా తాతా!" అంటారు పోరగాళ్ళు. ఇద్దరిలో న్యాయం ఎవరి పక్షాన ఉన్నది?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి నేనొక మనిషి జీవితాన్ని ఎన్నుకున్నాను. ఆయన అమెరికా గాయకుడు, గేయరచయిత లారీ నార్మన్ (1947–2008). రాక్ సంగీత బృందంలో ముఖ్య గాయకుడుగా పేరు తెచ్చుకొని, తరువాత అదే సంగీతంలో క్రీస్తును గూర్చి పాడి, క్రైస్తవ రాక్ సంగీతానికి ఆద్యుడని చాలామంది చేత పిలిపించుకున్నవాడు. నేను సంగీత విద్యార్థిని కాను, భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి. కనుక మొదట శబ్దం దగ్గర మొదలుపెట్టి, పిదప మన తెలుగు కీర్తన దగ్గర ఆగి, ఆ తరువాత అమెరికా పోదాం.

శబ్దానికి మతం ఉన్నదా?

ఒక తీగ సెకనుకు 240 సార్లు కంపిస్తే ఒక స్వరం పుడుతుంది. అది గుడిలో తంబురా తీగ కావచ్చు, చర్చిలో వయొలిన్ తీగ కావచ్చు, క్లబ్బులో గిటారు తీగ కావచ్చు. వాయిద్యాన్ని బట్టి స్వరం రంగు మారుతుందే గాని ఆ 240 మారదు. ఆసిలోస్కోపు తెర మీద అలలు కనిపిస్తాయి. ఆ అలల మీద బొట్టూ ఉండదు, శిలువా ఉండదు.

ఎలక్ట్రిక్ గిటారులో ఉన్నది కూడా మనం ఇంటర్మీడియట్‌లో చదివిన సూత్రమే. ఉక్కు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. తీగ కదిలినప్పుడు చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సంగతి ఇదే. ఆ చిన్న విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచుతుంది. దాని తాహతుకు మించి పెంచితే అలల తలలు తెగిపోయి, కొత్త హార్మోనిక్స్ వచ్చి చేరి, గొంతు బొంగురుపోయినట్లు ఒక మోత వస్తుంది. రాక్ సంగీతానికి గుర్తుగా నిలిచిన మోత ఇదే. పెద్దలకు పిశాచి కేకలాగా వినిపించిందీ ఇదే.

మరి శబ్దానికి మతం లేనప్పుడు తగాదా ఎక్కడిది? తగాదా శబ్దంలో లేదు, చెవిలో ఉన్నది. చెవికి జ్ఞాపకం ఉంటుంది. ఒక శబ్దాన్ని మనం మొదట ఎక్కడ విన్నామో, ఎవరి చేతిలో విన్నామో, ఆ చోటూ ఆ మనుషులూ ఆ శబ్దానికి అంటుకొని ఉంటారు.

డప్పును చూడండి. వాయించే ముందు నిప్పు సెగ చూపిస్తారు. తేమ పోయి తోలు బిగుసుకుంటుంది, బిగువు పెరిగితే కంపనాల సంఖ్య పెరుగుతుంది, మోత ఖంగుమంటుంది. సైన్సు అంతవరకే. కాని తరతరాలుగా ఊరి చెవిలో డప్పు అంటే చావు, దండోరా, వెట్టి. ఆ వెట్టి చేసిన ఇళ్ళవాళ్ళలోనే కొందరు డప్పును వదిలించుకోవాలనుకున్నారంటే ఆ జ్ఞాపకమే కారణం. అదే డప్పు తెలంగాణ ఉద్యమ సభల్లో వేదిక ఎక్కింది. 2014 నాటికి దాని మోత వింటే తల ఎత్తుకొనే కాలం వచ్చింది. తోలు మారలేదు, కర్ర మారలేదు, జ్ఞాపకం మారింది. నార్మన్ జీవితమంతా ఈ పనికే ఖర్చయిందని నా అభిప్రాయం.

మన దగ్గర ముందే జరిగిన కథ

ఈ పని మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. అమెరికాలో రాక్ పుట్టడానికి వంద సంవత్సరాల ముందే ఇక్కడ ఇలాంటి ప్రయత్నం జరిగింది. లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నం చేరారు. వాళ్ళ వెంట వాళ్ళ పాటలూ వచ్చాయి. ఇంగ్లీషు బాణీలో తెలుగు మాటలు కూర్చితే ఒక చిక్కు ఉన్నది. మన మాటలో గురువు, లఘువు వేరు వేరు కొలతలు. బాణీ సాగదీసేచోట లఘువు పడితే మాట విరిగిపోతుంది. పాడేవాడికి నోరు తిరగదు, వినేవాడికి అర్థం కాదు.

ఈ చిక్కును దాటించినవాళ్ళలో మొదట చెప్పుకోవలసినవారు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవ మతం స్వీకరించి, తరువాత బోధకుడుగా జీవితమంతా తిరిగారు. నూటికి పైగా కీర్తనలు వ్రాశారు. దేవుడు మారినా ఆయన పాట కట్టే తీరు మారలేదు. అదే పల్లవి, అదే చరణం, అవే రాగతాళాలు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకం తెరిచి చూస్తే ఈనాటికీ కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి.

ఆ రాగాలు అంతకుముందు ఎక్కడివి? గుళ్ళవి, భజన మందిరాలవి. వాటిని చర్చిలోకి తేవడం ఆనాడు చిన్న సాహసం కాదు. ఈనాడు ఆ కీర్తనలు మన ముసలివాళ్ళకు "అసలైన పాత పాటలు". కొత్త పాటను కొలవడానికి వాళ్ళు వాడే తూకపు రాళ్ళు అవే. మెదక్ చర్చి మాకు దూరం కాదు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ కట్టడం ఇంగ్లండు తీరు, అద్దాల కిటికీలు ఇంగ్లండువి. కాని అందులో జనం గొంతెత్తి పాడే కీర్తనకు మాత్రం రాగం మనది. 1978లో "కరుణామయుడు" చిత్రం వచ్చినప్పుడు మోదుకూరి జాన్సన్ వ్రాయగా బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట కూడా ఇలాగే థియేటరు నుంచి చర్చిలోకి నడిచి వచ్చింది.

ఈ రెండు ఉదాహరణలు మనసులో పెట్టుకొని ఇప్పుడు నార్మన్ దగ్గరకు వెళదాం.

బాల్యం, బృందం

లారీ నార్మన్ 1947 ఏప్రిల్ 8న టెక్సాస్ రాష్ట్రంలోని కార్పస్ క్రిస్టీలో పుట్టాడు. పెరిగింది కాలిఫోర్నియాలో. బాప్టిస్టు కుటుంబం, కట్టుదిట్టమైన ఇల్లు. ఎల్విస్ ప్రెస్లీ పాటలు దేశమంతా మోగుతున్న కాలమది. ఇంట్లో రేడియోలో రాక్ సంగీతం వినడానికి తండ్రి ఒప్పుకోలేదు. పిల్లవాడు చిన్ననాటినుంచే సొంతంగా పాటలు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఆ తండ్రి భయపడిన రాక్ సంగీతం ఎక్కడినుంచి వచ్చింది? నల్లజాతివారి బ్లూస్, పల్లెల కంట్రీ పాట, వాటితోపాటు చర్చిలో పాడే గాస్పెల్ పాట, ఇవన్నీ కలిసి 1950లలో రాక్ అయింది. సిస్టర్ రోసెట్టా థార్ప్ అనే నల్లజాతి గాయని 1938 నుంచే దేవుడి పాటలను రికార్డులకెక్కించి, తరువాత ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకొని పాడింది. ఆ రకంగా చూస్తే రాక్ సంగీతం చర్చి ఇంటి ఆడపడుచే. బజారుకు పోయి వచ్చేసరికి పుట్టింటివాళ్ళు గుర్తుపట్టలేదు, అంతే.

1960ల మధ్యలో నార్మన్ శాన్ హోసే పట్టణంలోని "పీపుల్" అనే బృందంలో చేరాడు. జీన్ మేసన్ అనే మరో గాయకుడితో కలిసి ముందు నిలబడి పాడేవాడు, బృందానికి పాటలు వ్రాసేవాడు. 1968లో వాళ్ళు పాడిన "ఐ లవ్ యూ" అనే పాట అమెరికా జాబితాలో 14వ స్థానానికి ఎక్కింది. ఆ పాట వ్రాసినది ఇంగ్లండుకు చెందిన జాంబీస్ బృందంలోని క్రిస్ వైట్. నార్మన్ వయసు అప్పటికి 21. పేరు, డబ్బు అందే దూరంలో ఉన్నాయి. సరిగ్గా ఆ సంవత్సరమే అతడు బృందాన్ని విడిచిపెట్టాడు. ఆల్బం పేరు విషయంలో కంపెనీ తన మాట వినలేదని తరువాత చెప్పుకున్నాడు. తోటివారు వేరే కారణాలు చెప్పారు. కారణం ఏదైనా, అందివచ్చిన పంటను పొలంలోనే వదిలి నడిచిపోయినట్లయింది.

వీధిలో పాట

తరువాతి రోజుల్లో నార్మన్ హాలీవుడ్ వీధుల్లో తిరిగాడు. ఇల్లు విడిచి వచ్చిన హిప్పీ కుర్రవాళ్ళు, మత్తుమందుకు అలవాటు పడినవాళ్ళు ఆ వీధుల్లో కనబడేవారు. వాళ్ళతో మాట్లాడేవాడు. వాళ్ళకు చర్చి పాట తెలియదు, తెలిసినా వినరు. వాళ్ళ చెవికి ఏది అలవాటో ఆ సంగీతంలోనే చెప్పాలని అతడు నిశ్చయించుకున్నాడు.

1969లో క్యాపిటల్ కంపెనీ "అపాన్ దిస్ రాక్" అనే అతని మొదటి సొంత ఆల్బం విడుదల చేసింది. క్రైస్తవ రాక్ సంగీతంలో మొదటి ఆల్బం ఇదేనని చాలామంది లెక్కిస్తారు. కంపెనీ అనుకున్నంత అమ్మకం లేదు. 1970లో అతన్ని వదిలేసింది. ఆ ఆల్బంలో క్రీస్తు రెండవ రాకడను గూర్చిన ఒక నెమ్మదైన పాట ఉంది. దానిని ఎందరో మళ్ళీ పాడారు. చివరకు కొన్ని కీర్తనల పుస్తకాల్లోకి కూడా చేరింది. ఏ పెద్దలు ఆ సంగీతాన్ని కాదన్నారో ఆ పెద్దల పుస్తకంలోకే చేరడం గమనించదగిన విషయం.

కంపెనీ వదిలేస్తే నార్మన్ సొంతంగా చిన్న సంస్థ పెట్టి రికార్డులు తెచ్చాడు. ఈలోగా కాలిఫోర్నియా యువకుల్లో "యేసు ఉద్యమం" అనేది లేచింది. 1971 జూన్‌లో "టైమ్" పత్రిక దానిపై ముఖచిత్ర కథనం ప్రచురించింది. వేలు ఆకాశంవైపు చూపి "ఒకటే మార్గం" అనే సైగ ఆ ఉద్యమానికి గుర్తయింది. దాన్ని వేదికలపై ప్రచారంలోకి తెచ్చినవారిలో నార్మన్ పేరే ముందు చెబుతారు.

1972లో వచ్చిన "ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్" అతని జీవితంలో శిఖరం. బీటిల్స్ రికార్డులు తీర్చిదిద్దిన జార్జ్ మార్టిన్‌కు చెందిన లండన్ స్టూడియోలో దానిని రికార్డు చేశారు. ఇందులో దేవుణ్ణి పొగడడమొక్కటే లేదు. వియత్నాం యుద్ధం, జాతి వివక్ష, ఆకలి ఉండగానే చంద్రుడి మీదికి పోవడం, మత్తు, ఒంటరితనం వంటివన్నీ ఉన్నాయి. "మంచి సంగీతమంతా సైతానుకే ఎందుకు దక్కాలి?" అని అర్థం వచ్చే పేరుగల పాట ఉన్నది ఇందులోనే. ఆ ప్రశ్న నార్మన్ పుట్టించినది కాదు, అతనికి ముందు తరాల బోధకుల నోట ఉన్నదే. అయినా ఆ పాట తరువాత అది అతని పేరుకే అతుక్కుంది. మన లక్నోలో పుట్టిన ఇంగ్లీషు గాయకుడు క్లిఫ్ రిచర్డ్ 1978లో ఈ పాటను మళ్ళీ పాడాడు.

రెండు వైపుల దెబ్బలు

మద్దెల సంగతి మనకు తెలుసు, రెండు వైపులా దెబ్బలు తింటుంది. నార్మన్ గతి అంతే అయింది. రికార్డు కంపెనీల దృష్టిలో అతడు మరీ మతం మనిషి, వ్యాపారానికి పనికిరాడు. చర్చి పెద్దల దృష్టిలో భుజాల దాకా జుట్టు పెంచిన రాక్ మనిషి, దేవుడి ఇంటికి పనికిరాడు. 1973లో వచ్చిన "సో లాంగ్ ఎగో ద గార్డెన్" అట్ట మీద బట్టలు లేనట్లు కనిపించే బొమ్మ వేసినందుకు క్రైస్తవ దుకాణాల్లో గొడవ అయింది. పాటల్లో యేసు పేరు తక్కువసార్లు వచ్చిందని కొందరు, ఎక్కువసార్లు వచ్చిందని కొందరు! క్రైస్తవ రాక్ సంగీతంపై దాడి చాలాకాలం సాగింది. టీవీ బోధకుడు జిమ్మీ స్వాగర్ట్ 1987లో కూడా ఆ సంగీతాన్ని గొర్రెతోలు కప్పుకున్న తోడేలుగా వర్ణిస్తూ పుస్తకం వెలువరించాడు.

1970ల మధ్యలో నార్మన్ "సాలిడ్ రాక్" అనే సొంత రికార్డు సంస్థ స్థాపించి రాండీ స్టోన్‌హిల్ వంటి కొత్త గాయకులను పైకి తెచ్చాడు. 1976లో "ఇన్ అనదర్ లాండ్" వచ్చింది. 1979లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉన్నప్పుడు వైట్ హౌస్‌లో జరిగిన గాస్పెల్ కార్యక్రమంలో పాడాడు. కాని 1980 నాటికి సంస్థ కుప్పకూలింది. తాను పైకి తెచ్చినవాళ్ళతోనే వ్యవహారాల్లో విభేదాలు వచ్చాయి, వివాహమూ నిలవలేదు. అతన్ని దేవదూతగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. మరణానంతరం 2009లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ ఈ చీకటి కోణాలనే చూపింది. పాట ఎంత ఎత్తు ఎక్కితే పాడేవాడి నడతను జనం అంత దగ్గరగా చూస్తారు. వేమన నుంచి ఈనాటి వరకు ఇది మారని నియమం.

1992లో గుండెపోటు వచ్చింది. ఆరోగ్యం చెడినా వీలైనప్పుడల్లా పాడుతూనే ఉన్నాడు. 2001లో గాస్పెల్ సంగీత సంఘం తన గౌరవ సభలో అతనికి స్థానమిచ్చింది. 2008 ఫిబ్రవరి 24న ఆరెగాన్ రాష్ట్రం సేలం పట్టణంలో 60వ ఏట చనిపోయాడు. సమాధి రాతి మీద "శాఖ లేని సువార్తికుడు" అనే అర్థంలో చెక్కి ఉంది. శాఖ లేని మంత్రి అని మనం పత్రికల్లో చదువుతామే, అలాంటి మాట. ఏ సంస్థా తనదని చెప్పుకోని మనిషికి అంతకన్న తగిన బిరుదు లేదు. 2014 ఏప్రిల్‌లో అమెరికా జాతీయ గ్రంథాలయం తన రికార్డుల భాండాగారంలోకి "ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్"ను తీసుకున్నది. చెవి జ్ఞాపకం మారడానికి 42 ఏళ్ళు పట్టింది, అది మారేసరికి పాడినవాడు లేడు.

పెద్దల మాటలోని న్యాయం

ఇంతవరకు చదివి, ముసలివాళ్ళదే తప్పని తీర్మానిస్తే అది కూడా న్యాయం కాదు. వాళ్ళ అభ్యంతరంలో రెండు గట్టి విషయాలున్నాయి.

మొదటిది మోత. డెసిబెల్ లెక్కలో 10 పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు అవుతుంది. 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉంటే వినికిడికి ముప్పని పరిశ్రమల్లో జాగ్రత్తలు చెబుతారు. చిన్న రేకుల గదిలో నాలుగు పెద్ద స్పీకర్లు పెడితే సంగీతం సంగతి దేవుడెరుగు, చెవులు పోతాయి.

రెండవది ఇంకా ముఖ్యం. పాత కీర్తనను ఊరంతా పాడేది. చదువురాని అవ్వ కూడా పల్లవి అందుకునేది. కొత్త పాటలో నలుగురు వేదిక మీద పాడుతారు, మిగిలినవాళ్ళు నిలబడి చూస్తారు. పాట సమూహం చేతినుంచి జారి ప్రదర్శన అయిపోతుంది. "సిన్మా లెక్కనే ఉన్నది" అనే ముసలాయన మాటకు అసలు అర్థం ఇదేనేమో! ఆయన కాదంటున్నది కీబోర్డును కాదు, తన గొంతుకు చోటు లేకపోవడాన్ని.

మనం నేర్చుకోదగినది

కనుక కొత్త పాట వచ్చినప్పుడు వాయిద్యాన్ని చూసి తీర్పు చెప్పకుండా మూడు ప్రశ్నలు అడగడం మంచిదని నాకు తోస్తున్నది.

ఒకటి, మాట అర్థమవుతున్నదా? పురుషోత్తమ చౌదరి గారు తెలుగు రాగం పట్టుకున్నది అందుకే, నార్మన్ గిటారు పట్టుకున్నది అందుకే. రెండు, వినేవాళ్ళు కలిసి పాడగలరా? నార్మన్ పాటల్లో కీర్తనల పుస్తకానికెక్కింది పెద్ద మోతల పాట కాదు, ఎవరైనా పాడుకోగలిగిన నెమ్మది పాట. మూడు, పాడేవాడు తన మాటకు తాను కట్టుబడి ఉన్నాడా? ఈ మూడో పరీక్షలో నార్మన్‌కే పూర్తి మార్కులు రాలేదు. కనుక అది ఎంత కఠినమైనదో ఊహించుకోవచ్చు.

ఈ పరీక్షలు ఒక్క చర్చికే కాదు, భజన మంటపానికీ, బతుకమ్మ ఆటకూ, మన కాలేజీ వార్షికోత్సవ వేదికకూ వర్తిస్తాయి. బతుకమ్మ చుట్టూ డీజే పాట మోగితే చప్పట్ల వరుస ఆగిపోతుందని అమ్మలక్కలు బాధపడుతున్నారు. వాళ్ళకు కొత్త పాట మీద కోపం లేదు. తమ చప్పట్లు వినబడడం లేదనే వాళ్ళ బాధ.

పాడే పిల్లవాణ్ణి గడప బయటనే నిలబెడితే వాడు పాట మానడు, వేరే గడప వెదుక్కుంటాడు. ఆ నష్టం పిల్లవాడికన్నా ఇంటికే ఎక్కువ. అలాగే పెద్దల గొంతు వినబడకుండా స్పీకరు పెంచిన పిల్లవాడు రేపు తన పాటను అందుకొనే గొంతు లేక ఒంటరి అవుతాడు. కీర్తన పుస్తకంలో పాత పేజీ చింపకుండానే కొత్త పేజీ కుట్టవచ్చు. పురుషోత్తమ చౌదరి కీర్తనా ఒకనాడు కొత్త పేజీయే.